కాదనలేనివాడి కూలి

కోనసీమ పేరు వింటే మనవాళ్ళ కళ్ళముందు కదిలేది కొబ్బరితోట, కాలువగట్టు, పచ్చని వరిచేను. ఉద్యమకాలంలో మనం కూడా ఆ బొమ్మనే వాడుకున్నాం. గోదావరి డెల్టా పక్కన పాలమూరు, నల్లగొండ బీళ్ళను పెట్టి ఇదీ తేడా అని చూపించాం. ఆ తేడా అబద్ధం కాదు. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నీళ్ళు పారే నేలకూ, చెరువులు పూడిపోయిన నేలకూ తేడా ఉండకుండా ఎట్లా పోతుంది? కాని అమలాపురం పక్కనే ఉన్న బండారులంకలో మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న మనిషికి ఆ పచ్చదనంలో వాటా ఎంత అని మనం అప్పుడు అడగలేదు. ఆ ప్రశ్న ఇప్పుడు అడుగుతున్నాం.

బండారులంక నేతన్నల ఊరు. అక్కడి నూలు చీరలకు, జరీ అంచు చీరలకు గోదావరి జిల్లాల్లో పేరుంది. ఉప్పాడ జమ్దానీకీ, మన పోచంపల్లికీ వచ్చినంత పేరు రాలేదు గాని, నేత తెలిసినవాళ్ళకు ఆ ఊరు తెలుసు. చుట్టూ లంకభూమి. భూమిలో నాలుగు అడుగులు తవ్వితే నీరు. వానాకాలం వస్తే మగ్గం గుంటలో నీళ్ళు ఊరతాయి, పడుగు చెమ్మగిల్లుతుంది, నేత ఆగిపోతుంది. పొలం ఉన్నవాడికి వరమైన నీళ్ళు మగ్గం ఉన్నవాడికి పస్తు. కోనసీమ సంపన్నమని చెప్పే ఏ లెక్కలోనూ ఈ గుంట కనపడదు.

ఇక అసలు విషయం. ఒక చీర నేసినందుకు మజూరీ ఎంత ఉండాలి? ఎవరు నిర్ణయించాలి?

ఎకనామిక్స్ చదివిన మన విద్యార్థులకు జవాబు కంఠస్థం. గిరాకీ, సరఫరా కలిసిన చోట ధర నిలుస్తుంది. శ్రామికుడి ఉపాంత ఉత్పాదకత ఎంతో వేతనం అంత. పరీక్షలో ఇట్లా రాస్తే మార్కులు పడతాయి. కాని ఈ సూత్రంలో ఒక నీతి దాక్కుని ఉంది. నీకు తక్కువ వస్తున్నదంటే నువ్వు తక్కువ ఉత్పత్తి చేస్తున్నావని అర్థం. అంటే తప్పు నీదే. నీతితో మాకు పని లేదు, మేం శాస్త్రం చెబుతున్నాం అనే పెద్దలు ఇంత పెద్ద నీతి తీర్పును చడీచప్పుడు లేకుండా మన నెత్తిన పెడుతున్నారు.

బండారులంకలో గాని, చీరాలలో గాని, పోచంపల్లిలో గాని మజూరీ ఎట్లా నిర్ణయమవుతుందో చూద్దాం. నూలు షావుకారుది. జరీ ఆయనదే. డిజైన్ ఆయనదే. పెళ్ళికో, ఆస్పత్రికో, మగ్గం మరమ్మతుకో తీసుకున్న అడ్వాన్సు ఆయన పద్దులో ఉంటుంది. నేసిన చీర ఆయనకే ఇవ్వాలి. ఇంకో షావుకారు దగ్గరికి పోవాలంటే ముందు ఆ అడ్వాన్సు తీర్చాలి. తీర్చగలిగితే అసలు ఎందుకు తీసుకుంటాడు? సహకార సంఘం సరిగ్గా నడిచే చోట నేతకారుడికి ఇంకో గుమ్మం ఉంటుంది. సంఘం మూలనపడ్డ చోట ఉండేది ఒకే గుమ్మం. ఇక్కడ మజూరీని నిర్ణయించేది ఉత్పాదకత కాదు, ఎదుటివాడు ఇస్తానన్నది కాదనగలిగే శక్తి నేతకారుడికి ఎంత ఉందన్నదే.

ఇది మా కవిత్వం అనుకుంటే పొరపాటు. అమ్మేవాళ్ళు అనేకులై కొనేవాడు ఒక్కడే అయిన మార్కెట్‌కు జోన్ రాబిన్సన్ 1933లోనే మోనోప్సనీ అని పేరు పెట్టింది. పాఠ్యపుస్తకాలు దాన్ని ఒక వింత మినహాయింపుగా ఓ మూల పేజీలో కూర్చోబెట్టాయి. తర్వాత అమెరికాలో ఒక సంగతి జరిగింది. 1992లో న్యూజెర్సీ రాష్ట్రం కనీస వేతనాన్ని గంటకు 4.25 డాలర్ల నుంచి 5.05 డాలర్లకు పెంచింది. పక్కనున్న పెన్సిల్వేనియా పెంచలేదు. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అనే ఇద్దరు రెండు వైపులా ఫాస్ట్ ఫుడ్ హోటళ్ళలో ఉద్యోగాలు లెక్కబెట్టారు. పుస్తకం ప్రకారం కూలి పెరిగితే పనులు పోవాలి. పోలేదు. 1994లో ఆ అధ్యయనం అచ్చయినప్పుడు పెద్ద పెద్దవాళ్ళు విరుచుకుపడ్డారు. 2021లో కార్డ్‌కు నోబెల్ ఇచ్చారు. క్రూగర్ అప్పటికి లేడు. వేతనాన్ని మార్కెట్ కాదు, చాలాచోట్ల యజమానే నిర్ణయిస్తున్నాడనే మాట ఇప్పుడు మూల పేజీలో నుంచి నడిమధ్యకు వచ్చింది. కొత్త ఆర్థికశాస్త్రం అంటున్నది ఇదే.

కొత్తదా? ఆడం స్మిత్ గ్లాస్గోలో చెప్పింది నీతిశాస్త్రం. 1759లో ఆయన రాసిన మొదటి పుస్తకం మనుషుల నైతిక భావాల మీద. 1776లో వచ్చిన రెండో పుస్తకంలో కూలి బేరం గురించి రాస్తూ, యజమానులు ఏడాదో రెండేళ్ళో నిలవున్న సొమ్ముతో బతకగలరు, పనివాళ్ళలో చాలామంది ఒక వారం కూడా నిలబడలేరు కాబట్టి బేరంలో ఎవరు నెగ్గుతారో చెప్పనక్కరలేదనే అర్థంలో చెప్పాడు. ఆయన బొమ్మ పెట్టుకుని సరళీకరణ మంత్రం చదివినవాళ్ళు ఈ పేజీలు తిప్పినట్లు లేదు. మనుషుల మధ్య సుఖదుఃఖాల పోలిక శాస్త్రానికి అందేది కాదని 1932లో లయొనెల్ రాబిన్స్ గీత గీశాడు. ఆ గీత దాటి అర్థశాస్త్రాన్ని నీతి దగ్గరికి వెనక్కి తెచ్చే పని అమర్త్య సేన్ లాంటి వాళ్ళు చేస్తూ వచ్చారు.

గోదావరి తీరం చరిత్ర చూస్తే ఈ బేరం కథ ఇంకా బాగా అర్థమవుతుంది. ఇంజరం, మాధవపాలెం, బెండమూర్లంకలలో ఈస్టిండియా కంపెనీకి బట్ట కొనే స్థావరాలుండేవి. (బెండమూర్లంక, బండారులంక పేర్లు దగ్గరగా ఉన్నా ఊళ్ళు వేరు.) అప్పుడూ అడ్వాన్సు పద్ధతే. కాని దక్షిణాది నేతకారుల మీద ప్రసన్నన్ పార్థసారథి 2001లో రాసిన పుస్తకం ఒక ఆశ్చర్యకరమైన సంగతి చెబుతుంది. పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో నేతకారుడు అడ్వాన్సు తిరిగి ఇచ్చేసి ఒప్పందం రద్దు చేసుకోగలిగేవాడు. వర్తకుడు మాత్రం ఇచ్చిన సొమ్ము వెనక్కి అడగలేకపోయేవాడు. గిట్టకపోతే నేతకారులు మగ్గాలు ఎత్తుకుని ఇంకో ఊరికి పోయేవారు. అక్కడి దొర వాళ్ళను పిలిచి కూర్చోబెట్టుకునేవాడు. ఉత్తర సర్కారులు కంపెనీ చేతికి వచ్చాక కొనేవాడే పాలకుడయ్యాడు. కట్టుబాట్లు, కావలి బంట్రోతులు వచ్చారు. అడ్వాన్సు అదే, మగ్గం అదే, మనిషి అదే. పోయింది కాదనే హక్కు ఒక్కటే. దానితో కూలి కూడా పోయింది. తీరాంధ్ర నేతకారులు కంపెనీ మీద తిరగబడిన చరిత్రను, పెట్టుకున్న అర్జీలను పోతుకూచి స్వర్ణలత తవ్వి తీసింది. మన విశ్వవిద్యాలయాల్లో పరిశోధన చేసేవాళ్ళు ఆ రచనలు చదవాలి.

ఈ కాదనే శక్తి అందరికీ సమానంగా ఉండదు. దానికి కోనసీమలోనే ఉదాహరణ ఉంది. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. గిట్టుబాటు ధర లేదు, ముంపు కాలువలు బాగుచేయరు, పండిన ధాన్యం కొనేవాడు లేడు, అందుకే వేయం అన్నారు. దేశమంతా ఉలిక్కిపడింది. ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది. అది న్యాయమైన నిరసన. మేం దాన్ని సమర్థిస్తున్నాం. కాని సంపాదకీయం రాసేటప్పుడు మొహమాటం పనికిరాదు. విరామం ప్రకటించిన వాడికి పొలం ఉంది. ఆ పొలంలో నాట్లు వేసే ఆడకూలీకి ఆ విరామం ఎవరూ అడగకుండా ఇచ్చిన పస్తు. కౌలురైతు సంగతి మధ్యస్తం. మరి బండారులంక నేతకారుడు మగ్గానికి విరామం ప్రకటిస్తే? ఏ కమిటీ రాదు. వారం తిరక్కుండా షావుకారు నూలు ఇంకో ఇంటికి పోతుంది.

సేన్ 1981లో రాసిన కరువుల పుస్తకంలోని మాట ఇక్కడ పనికొస్తుంది. 1943 బెంగాల్ కరువులో ఎక్కువగా కూలిపోయింది వ్యవసాయ కూలీలు, చేపలు పట్టేవాళ్ళు, చేతివృత్తులవాళ్ళు. వాళ్ళు చేసిన వస్తువుకు, వాళ్ళ కూలికి వచ్చే బియ్యం తగ్గిపోయింది. కరువు అంటే తిండి లేకపోవడం కాదు, ఉన్న తిండి మీద ఆ మనిషికి అధికారం లేకపోవడం అని ఆయన తేల్చాడు. ధాన్యం మధ్యలో కూర్చున్న నేతకారుడి సంగతి ఇంతకంటే బాగా ఎవరు చెప్పారు? రైతు గిట్టుబాటు కోసం బియ్యం ధర పెరగాలి. చీర మజూరీ పెరగకుండా బియ్యం ధర పెరిగితే నేతకారుడి ఇంట్లో పొయ్యి ఆరుతుంది. ఇద్దరిదీ న్యాయమే. ఇద్దరినీ పోటీకి పెట్టింది ఎవరు అని అడిగితే జవాబు అమలాపురంలో దొరకదు, ఢిల్లీలో దొరుకుతుంది. చేనేతకు 22 రకాల బట్టను కేటాయిస్తూ 1985లో చట్టం చేసి, మరమగ్గాల వత్తిడికి 1996లో వాటిని 11కు కుదించింది ఢిల్లీ. మిల్లులు చిలపల రూపంలో ఇవ్వాల్సిన నూలు వాటాను 2019లో 40 శాతం నుంచి 30కి తగ్గించింది ఢిల్లీ. 2017 జూలైలో నూలు మీదా, బట్ట మీదా 5 శాతం జీఎస్టీ వేసిందీ, 2020లో అఖిల భారత చేనేత బోర్డును రద్దు చేసిందీ అదే ఢిల్లీ. ఏటా ఆగస్టు 7న చేనేత దినం జరిపేది కూడా వాళ్ళే.

ఇంతవరకు నేతకారుడు, అతను అని రాశాం. ఇది కూడా పాత లెక్కే. 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో చేనేత పనివాళ్ళు 35 లక్షల పైచిలుకు. అందులో నూటికి 70 మందికి పైగా ఆడవాళ్ళు. ఈశాన్య రాష్ట్రాల్లో ఆడవాళ్ళే మగ్గం మీద కూర్చుంటారు కాబట్టి ఆ సంఖ్య అంత పెద్దది అంటారు, నిజమే. మన తెలుగు ప్రాంతాల్లో వాళ్ళు ఎక్కువగా మగ్గం పక్కన ఉంటారు. రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది, పడుగు సరిచేసేది, గంజి పెట్టేటప్పుడు రెండో కొస పట్టుకునేది ఆవిడ. మజూరీ మాత్రం చీరకు వస్తుంది, అతని చేతికి వస్తుంది. లెక్క కోసం ఒక చీరకు 1500 అనుకుందాం. మూడు రోజుల నేత. రోజుకు 500 వస్తున్నదని అధికారి ఫైలులో రాస్తాడు. ఆవిడ పని కలిపితే మనిషికి 250. అచ్చు అతికిన రోజు, పడుగు తోడిన రోజు, గుంటలో నీళ్ళు ఊరిన రోజులు కలిపి చూస్తే ఇంకా ఎంతకు దిగుతుందో ఎవరికి వారే వేసుకోవచ్చు. 2024 కాల వినియోగ సర్వేలో ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకు 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు ఆ పనికి పెడుతున్నారని తేలింది. కండె చుట్టడం ఇంటిపని కాదు, ఉత్పత్తి. అయినా పిల్లవాడికి అన్నం పెడుతూ చుట్టింది కాబట్టి ఇంటిపనిలో కలిసిపోతుంది. ఆడవాళ్ళ శ్రమను జాతీయాదాయం ఎట్లా మింగేసిందో న్యూజిలాండ్‌లో పార్లమెంటు సభ్యురాలిగా చేసిన మెరిలిన్ వారింగ్ 1988లో పుస్తకం రాసి చూపించింది. మన ప్రణాళికా పండితులకు అది ఇంకా అందినట్లు లేదు.

కొత్త అర్థశాస్త్రమంతా మనవైపే ఉందని మేం అనడం లేదు. 2019లో నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో పద్ధతి చూడండి. మందు పరీక్షించినట్లు పేదల మీద పథకాలు పరీక్షిస్తారు. 2005 ప్రాంతంలో హైదరాబాద్‌లోనే 104 పేద బస్తీలు తీసుకుని, సగం బస్తీల్లో ముందుగా సూక్ష్మరుణ సంస్థ శాఖలు తెరిపించి, మిగతా సగంతో పోల్చారు. ఆ అప్పులతో బతుకులేమీ మారిపోలేదని, ఆడవాళ్ళ మాటకు ఇంట్లో విలువ పెరిగిన దాఖలా లేదని తేల్చారు. ఈ నిజాయితీకి మెచ్చుకోవాలి. అప్పే మహాద్భుతం అని ఊదరగొట్టిన వాళ్ళ నోరు అది కొంత మూయించింది. కాని ఆ ఫలితాలు పత్రికలో అచ్చయింది 2015లో. మధ్యలో 2010 వచ్చింది. వారం వారం కిస్తీల వత్తిడి, ఆత్మహత్యలు, అక్టోబర్‌లో ఆర్డినెన్సు. బస్తీ ఆడబిడ్డకు అప్పు ఎందుకు అవసరమైంది, ఆమె కూలి ఎందుకు అంత తక్కువ అన్నది ఆ పరీక్షలో ప్రశ్నే కాదు. చిన్న ప్రశ్నకు కచ్చితమైన జవాబు చెప్పడం మంచిదే. పెద్ద ప్రశ్న అడగడం మానేయడానికి అది సాకు కాకూడదు.

ఆ పెద్ద ప్రశ్న అడిగిన అర్థశాస్త్రవేత్త పేరు ఇప్పుడు బండారులంక ఉన్న జిల్లాకే ఉంది. అంబేద్కర్ రూపాయి సమస్య మీద లండన్‌లో చేసిన పరిశోధన 1923లో పుస్తకమైంది. కులం పనుల విభజన మాత్రమే కాదు, పనిచేసే మనుషుల విభజన అని 1936లో ఆయన రాసింది ఏ మోనోప్సనీ సిద్ధాంతానికీ తీసిపోయేది కాదు. నేత నేసే కులంలో పుట్టినవాడికి ఇంకో పనికి పోయే దారి మూసేస్తే కొనేవాడికి బలం దానంతట అదే వస్తుంది. చెప్పులు కుట్టేవాడికీ, డప్పు కొట్టేవాడికీ ఆ దారి ఇంకా గట్టిగా మూసేశారు. కూలి తక్కువకు కారణం పుట్టుకలో ఉందని చెప్పిన ఆ పేరు జిల్లాకు పెడతామంటే 2022 మే 24న అమలాపురంలో ఇళ్ళు తగలబెట్టారు. కొబ్బరితోటల పచ్చదనం వెనక ఏముందో ఆ రోజు దేశం చూసింది.

ఇక మన సంగతి. 2010 డిసెంబర్ 30న నివేదిక ఇచ్చిన శ్రీకృష్ణ కమిటీ మన మీద విసిరింది సగటు లెక్కలనే. హైదరాబాద్‌ను కలిపి చూపించి తెలంగాణ అంత వెనకబడి లేదంది. సగటు మాటున మనిషిని దాచేస్తున్నారని మనం గొంతు చించుకున్నాం. బాగానే అరిచాం. 2014 జూన్ 2 తర్వాత తలసరి ఆదాయంలో మనమే ముందున్నామని అదే సగటును మనవాళ్ళే ఊరేగించారు. రంగారెడ్డి జిల్లా ఐటీ ఆదాయాన్ని సిరిసిల్ల సాంచెల కార్మికుడి ఖాతాలో కూడా రాశారు. 2017లో బతుకమ్మ చీరల ఆర్డర్ వచ్చినప్పుడు సిరిసిల్లలో కూలి పెరిగింది. ఎందుకు? ప్రభుత్వమనే ఇంకో కొనుగోలుదారు వచ్చాడు కాబట్టి. 2024లో ఆ ఆర్డర్ లేకపోయేసరికి సాంచెలు ఆగాయి. దయతో వచ్చింది దయతోనే పోయింది. కాదనే శక్తి కార్మికుడి చేతికి రానంతవరకు ఇట్లాగే ఉంటుంది, రాష్ట్రం ఏదైనా.

అందుకని ఏ పథకాన్నయినా ఒకే కొలతతో చూడమంటున్నాం. ఇది నేతకారుడికి, అతని ఇంటి ఆడమనిషికి, తక్కువ మజూరీని వద్దనే బలం ఇస్తున్నదా లేదా? ఆంధ్రప్రదేశ్‌లో 2019 డిసెంబర్‌లో మొదలైన నేతన్న నేస్తం సొంత మగ్గమున్న ఇంటికి ఏడాదికి 24 వేలు ఇచ్చింది. ఉచితాలు అని ఇంగ్లీషు పత్రికలు వెక్కిరించాయి. నెలకు 2 వేలు చేతిలో ఉంటే నాలుగు రోజులు ఆగి బేరమాడవచ్చు, అది తక్కువ సంగతేమీ కాదు. కాని ఇంకొకరి మగ్గం మీద నేసేవాడికి, అడ్డా దగ్గర కండెలు చుట్టి బతికే ఒంటరి ఆడమనిషికి అందులో చోటు లేదు. బలం ఎక్కువ కావలసినవాళ్ళకే అది అందలేదు. నూలు సంఘం ద్వారా అప్పు లేకుండా దొరకడం, సంఘానికి రావలసిన బకాయిలు నెలలోగా రావడం, కండెకు వేరుగా మజూరీ కట్టి అది చుట్టినవాళ్ళ ఖాతాలోనే వేయడం, మరమగ్గం మీద చేసిన నకలును చేనేత అని అమ్మేవాడిని పట్టుకోవడం - వీటిలో ఒక్కటీ కొత్త కాదు, ఒక్కటీ సక్రమంగా జరగలేదు.

చేనేత గణన ఇప్పటికి నాలుగుసార్లు జరిగింది: 1987-88, 1995-96, 2009-10, 2019-20. నాలుగో గణనలో దాదాపు మూడింట రెండు వంతుల కుటుంబాల ఆదాయం నెలకు 5 వేల లోపే అని తేలింది. వచ్చే గణనలో మూడు గళ్ళు అదనంగా ఉండాలి. ఈ ఇంటి బట్ట కొనేవాళ్ళు ఎంతమంది? అడ్వాన్సు ఎంత, ఎవరికి బాకీ? కండె చుట్టింది ఎవరు, ఆమె చేతికి ఎంత వచ్చింది? బండారులంకకూ, పోచంపల్లికీ ఫారం ఒకటే కాబట్టి ఈ డిమాండుకు అటూ ఇటూ లేదు. రెండు రాష్ట్రాల చేనేత సంఘాలు, మన విద్యార్థి, ఉద్యోగ సంఘాలు కలిసి జౌళి శాఖకు ఇప్పుడే రాయాలి. ఫారాలు అచ్చయ్యాక వాటిలో గళ్ళు పెట్టించడం ఎవరి తరమూ కాదు.